హెచ్.ఐ.వి.: రోగనిరోధక కణములలో ప్రవేశము

హెచ్.ఐ.వి. యనునది మానవ శరీరరక్షణకు మూలాధారములైన సహాయక టీ-కణములలో ప్రవేశించి, వానినే తన వృద్ధికి సాధనములుగా మార్చుకొను వైరసు. దీనిని 1983లో పారిస్ నగరమందలి పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారె-సినూసి, లూక్ మాంటన్యే ప్రభృతులు కనుగొనిరి.

ప్రవేశ విధానము: నూరు నానోమీటర్లకు కొంచెము మించిన వ్యాసముగల యీ వైరసు పైపొరమీద ముండ్లవంటి ప్రోటీనులు గలవు. అందు జి.పి.120 అను భాగము టీ-కణముపై నుండు సి.డి.4 అను గ్రాహకమును పట్టుకొనగనే తన యాకృతిని మార్చుకొని, అంతవరకు మరుగుననున్న తావును వెలువరించి, సి.సి.ఆర్.5 గాని సి.ఎక్స్.సి.ఆర్.4 గాని యను రెండవ గ్రాహకమును తగులుకొనును; అంతట జి.పి.41 అను భాగము ఈటెవలె కణపుపొరలో నాటుకొని, పిదప మడతపడి, రెండు పొరలను దగ్గరకు లాగి యేకము చేయును. సి.డి.4 పాత్ర 1984లోను, రెండవ గ్రాహకముల పాత్ర 1996లోను వెల్లడియైనవి.

కణములోపల: లోనికి చేరిన వైరసు తన ఆర్.ఎన్.ఎ.ను డి.ఎన్.ఎ.గా మార్చి, కణకేంద్రమందలి డి.ఎన్.ఎ.లో అతికించును. కొన్ని కణములలో నిది యేండ్లతరబడి నిద్రాణమై యుండుటచేతనే మందులు వ్యాధిని అణచగలవు గాని నిర్మూలింపజాలవు. చికిత్స లేనిచో, ఘనమిల్లీమీటరు రక్తమున సాధారణముగా 500 నుండి 1500 వరకుండు సి.డి.4 కణములు క్రమముగా క్షీణించును. అవి 200 కంటె తగ్గిన స్థితి ఎయిడ్స్ అనబడును.

షుఐబాలో: కువైట్ నగరమునకు దక్షిణమున, సముద్రతీరమందున్న షుఐబా, నౌకాశ్రయమునకును, 1968 నుండి 2017 వరకు నడచిన చమురుశుద్ధి కర్మాగారమునకును ప్రసిద్ధము. ఇట్టి తావులలో పనికై కడప, గోదావరి జిల్లాలనుండి కువైట్ పోవు తెలుగువారు స్వదేశమున నొకసారియు, అచ్చట దిగిన పిమ్మట మఱియొకసారియు రక్తపరీక్షకు లోనగుదురు; హెచ్.ఐ.వి. తేలినవారికి అకామా, అనగా నివాసానుమతి, లభింపదు. ఈ భయముచేత కార్మికుల కాంపులలో అపోహలు పుట్టుట సహజము. కాని సి.డి.4 గల సజీవకణమును చేరినగాని యీ వైరసు సోకజాలదు గనుక, గాయములేని చర్మమును తాకినంత మాత్రమున గాని, ఒకే గదిలో పండుకొని ఒకే పళ్లెములో కుబ్బూసు రొట్టె పంచుకొని తినుటవలన గాని యిది వ్యాపింపదు; అరక్షిత లైంగిక సంపర్కము, కలుషిత రక్తము, సూదులు, తల్లినుండి బిడ్డకు సంక్రమించుట యనునవే దీని మార్గములు.

చికిత్స: 2007లో ఆమోదము పొందిన మారవిరాక్ అను మందు సి.సి.ఆర్.5ను మూసి, వైరసు ప్రవేశమునే నిరోధించును. క్రమముగా మందులు సేవించి, రక్తమున వైరసు పరీక్షకందని స్థితిని నిలుపుకొన్నవారినుండి లైంగిక సంపర్కమువలన నిది యితరులకు సోకదు. హెచ్.ఐ.వి. తేలి గల్ఫునుండి తిరిగివచ్చినవారు సిగ్గుపడక, ఆలస్యము చేయక ఏ.ఆర్.టి. (వైరసు నిరోధక చికిత్స) కేంద్రమునకు పోవలెను; భారత ప్రభుత్వము 2004 నుండి ఏ.ఆర్.టి. మందులను ఉచితముగా నిచ్చుచున్నది.