ఎయిర్ రైట్స్ అంటే ఏంటి? లగ్జరీ టవర్లపై కేసులు ఎందుకు? ఫ్లాట్ కొనేముందు చూడాల్సినవి ఇవే

జూలూరుపాడు లాంటి మండలాల్లో పత్తి, మిర్చి డబ్బులు దాచుకుని, పిల్లల ఉద్యోగాల కోసం హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనే కుటుంబాలు చాలానే ఉన్నాయి. 30వ ఫ్లోర్, 40వ ఫ్లోర్ అని బ్రోచర్‌లో చూసి అడ్వాన్స్ కట్టేస్తుంటారు. కానీ అంత ఎత్తు కట్టే హక్కు బిల్డర్‌కు నిజంగా ఉందా? ఈ ప్రశ్న చుట్టూనే అమెరికా నుంచి నోయిడా దాకా కోర్టుల్లో కేసులు నడిచాయి. ఆ వివరాలు ఇవీ.

అసలు ఎయిర్ రైట్స్ అంటే?

స్థలం మీద ఉన్న ఖాళీ జాగాలో కట్టుకునే హక్కునే ఎయిర్ రైట్స్ అంటారు. భూమి ఉన్నవాడికి పైన ఆకాశం కూడా సొంతమే అన్నది పాత న్యాయసూత్రం. విమానాలు వచ్చాక ఇది మారింది. 1946లో కాస్బీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ సూత్రానికి ఈ కాలంలో చోటు లేదని చెప్పేసింది. యజమాని వాడుకోగలిగినంత మేరకే పైభాగంపై హక్కు ఉంటుంది. ఎంత ఎత్తు కట్టాలో ప్రభుత్వ రూల్సే చెబుతాయి.

న్యూయార్క్‌లో ఏం జరిగింది?

న్యూయార్క్‌లో ప్రతి స్థలానికీ ఇంత విస్తీర్ణమే కట్టాలని లిమిట్ ఉంటుంది. పక్కన చిన్న బిల్డింగ్ ఉంటే, అది వాడుకోని కోటాను కొని తన టవర్‌కు కలుపుకోవచ్చు. అక్కడ దీన్నే ఎయిర్ రైట్స్ కొనడం అంటారు.

మన్‌హటన్‌లోని 200 ఆమ్‌స్టర్‌డామ్ అవెన్యూ అనే లగ్జరీ టవర్ ఎత్తు దాదాపు 204 మీటర్లు. చుట్టుపక్కల ముక్కలన్నీ కలిపి 39 భుజాలున్న వింత ఆకారపు ప్లాట్‌గా చూపించి దీన్ని కట్టారు. స్థానికులు కోర్టుకెళ్లారు. 2020 ఫిబ్రవరిలో కింది కోర్టు పర్మిట్ రద్దు చేసి, పరిమితి దాటిన ఫ్లోర్లు తీసేయమంది. దాదాపు 20 ఫ్లోర్లు పోతాయని అప్పట్లో పెద్ద చర్చ నడిచింది. అయితే 2021 మార్చిలో అప్పీల్ కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. టవర్ నిలిచింది. కానీ ఏడాదికి పైగా అందులో ఫ్లాట్ల పరిస్థితి ఏంటో తెలియని అయోమయం.

మరి హైదరాబాద్ సంగతేంటి?

ఇక్కడ సీన్ వేరు. ఇంత విస్తీర్ణమే కట్టాలనే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని ఉమ్మడి ఏపీ ప్రభుత్వం 2006లో జీవో 86తో ఎత్తేసింది. 2012లో వచ్చిన జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. అంటే న్యూయార్క్‌లోలా పక్కవాడి ఆకాశాన్ని కొనాల్సిన అవసరం పెద్దగా లేదు. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం అంటే సెట్‌బ్యాక్, ఫైర్ అనుమతి, ఎయిర్‌పోర్ట్ అనుమతి.. ఎత్తును తేల్చేవి ఇవే. జీవో 168 ప్రకారం 21 మీటర్ల హైరైజ్‌కు చుట్టూ 7 మీటర్లు వదలాలి. ఎత్తు పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది.

అందుకే కోకాపేట లాంటి చోట్ల భూమికి అంత రేటు. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలంలో అక్కడ ఎకరం గరిష్ఠంగా రూ.100.75 కోట్లు పలికింది. కొన్నది భూమే అయినా, రేటు మాత్రం పైన వేసుకోబోయే ఫ్లోర్లది.

టీడీఆర్.. అమ్ముకునే ఆకాశం

మన దగ్గర ఎయిర్ రైట్స్‌కు దగ్గరగా ఉన్నది టీడీఆర్, అంటే బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కు. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లకు నగదు బదులు ఈ సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని సొంతంగా వాడుకోవచ్చు, లేదంటే బిల్డర్‌కు అమ్ముకోవచ్చు. బిల్డర్ దాంతో అదనపు ఫ్లోర్లు వేసుకుంటాడు. రోడ్లకు ఇచ్చిన స్థలానికి 400 శాతం టీడీఆర్ ఇచ్చేలా తెలంగాణ 2017లో పాలసీ తెచ్చింది.

భూమి విలువ లెక్క తేడా కొడితే గొడవ మొదలవుతుంది. ఏపీలోని తణుకులో టీడీఆర్ బాండ్లకు భూమి విలువ ఎక్కువ చూపారన్న ఆరోపణలు ఏసీబీ విచారణ, అధికారుల సస్పెన్షన్ దాకా వెళ్లాయి.

పైన విమానం వెళ్తుంటే?

ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కల ఎంత ఎత్తు కట్టొచ్చో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌వోసీలో రాసి ఉంటుంది. కేంద్రం 2015లో తెచ్చిన రూల్స్ దీనికి ఆధారం. ముంబై ఎయిర్‌పోర్ట్ దగ్గర పరిమితి దాటిన 48 నిర్మాణాల్లో ఆ పైభాగాలు కూల్చాలని 2022 జులైలో బాంబే హైకోర్టు ఆదేశించింది.

నోయిడా టవర్లు మర్చిపోవద్దు

మన దేశంలో అతి పెద్ద పాఠం నోయిడా సూపర్‌టెక్ ట్విన్ టవర్స్. అప్పటికే ఉంటున్న అపార్ట్‌మెంట్ల పక్కనే 40 ఫ్లోర్ల ప్లాన్‌తో రెండు టవర్లు లేపారు. రెండు బ్లాకుల మధ్య 16 మీటర్లు ఉండాల్సిన చోట 9 మీటర్లే వదిలారు. అక్కడి ఫ్లాట్ ఓనర్ల అనుమతి కూడా తీసుకోలేదు. ఓనర్ల సంఘం కోర్టుకెక్కింది. 2014లో అలహాబాద్ హైకోర్టు, 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు కూల్చేయాలని తీర్పిచ్చాయి. 2022 ఆగస్టు 28న సెకన్లలో నేలమట్టం అయ్యాయి. కొన్నవాళ్లకు 12 శాతం వడ్డీతో డబ్బు వెనక్కివ్వాలని కోర్టు చెప్పింది. అయినా ఏళ్ల తరబడి తిరిగిన తిరుగుడు ఎవరిస్తారు?

టెర్రస్ ఎవరిది?

అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా వచ్చే గొడవ ఇది. "టెర్రస్ రైట్స్ బిల్డర్‌వే" అని సేల్ డీడ్‌లో ఒక లైన్ ఉంటుంది. తర్వాత పైన ఇంకో ఫ్లోర్ లేస్తుంది. రెరా చట్టం మాత్రం టెర్రస్‌ను కామన్ ఏరియాల్లో చేర్చింది. సెక్షన్ 14 ప్రకారం మంజూరైన ప్లాన్‌లో బిల్డింగ్‌ను మార్చాలంటే కొన్నవాళ్లలో కనీసం మూడింట రెండొంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

ఊళ్లో ఇంటికీ ఇదే లెక్క

పక్కింటాయన గోడ లేపితే మన కిటికీకి వెలుతురు పోయిందనే తగాదా జూలూరుపాడులోనైనా రావచ్చు. లిమిటేషన్ చట్టం సెక్షన్ 25, ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 15 రెండూ ఒకటే మాట చెబుతాయి. 20 ఏళ్లపాటు అడ్డు లేకుండా, హక్కుగా ఆ గాలి, వెలుతురు అనుభవించి ఉండాలి. వ్యూ పోయిందంటే కుదరదు. ఇంట్లో ఉండటానికి నిజంగా ఇబ్బంది అయ్యేంతగా వెలుతురు తగ్గిందని చూపించాలి. లగ్జరీ టవర్ ముందు ఇంకో టవర్ లేచి చెరువు కనిపించకుండా పోయినా అంతే. సేల్స్‌వాళ్లు చెప్పే "లైఫ్‌టైమ్ లేక్ వ్యూ" మాటను చట్టం కాపాడదు.

అడ్వాన్స్ కట్టేముందు ఇవి చూడండి

* తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్ట్ నంబర్ ఉందా? రిజిస్ట్రేషన్ లేకుండా ప్రీలాంచ్ అమ్మకం చట్టవిరుద్ధం.
* మంజూరైన ప్లాన్‌లో ఎన్ని ఫ్లోర్లు ఉన్నాయి? మీ ఫ్లోర్ అందులో ఉందా?
* ఎయిర్‌పోర్ట్ ఎన్‌వోసీలో రాసిన ఎత్తు, బ్రోచర్‌లో ఎత్తు సరిపోతున్నాయా?
* అదనపు ఫ్లోర్లు టీడీఆర్‌తో వస్తుంటే ఆ సర్టిఫికెట్ కాపీ అడగండి.
* అగ్రిమెంట్‌లో టెర్రస్, భవిష్యత్ నిర్మాణాల గురించి ఏం రాశారో లాయర్‌తో చదివించుకోండి.

బ్రోచర్‌లో ఎన్ని ఫ్లోర్లైనా వేసుకోవచ్చు. మీ ఫ్లోర్ మంజూరైన ప్లాన్‌లో లేకపోతే మాత్రం మీరు కొంటున్నది ఫ్లాట్ కాదు, కోర్టు కేసు.