నాగపూరులో అర్ధరాత్రి: బేగంపేట డకోటాల నుంచి నేటి కార్గో దాకా

శాంటా క్లారా సభా ప్రాంగణం బయట కాసేపు నిలబడితే, పక్కనే ఉన్న శాన్ హోసే విమానాశ్రయం నుంచి లేచిన విమానాలు నెత్తిమీదుగా వెళ్తూ కనిపిస్తాయి. రాత్రి 11:30 దాటాక ఆ సందడి తగ్గుతుంది. ఉదయం 6:30 దాకా ఎక్కువ చప్పుడు చేసే జెట్‌లకు అక్కడ అనుమతి లేదు. సరుకు విమానాలకు మాత్రం అసలు పని మొదలయ్యేది ఆ వేళకే. మనకు దగ్గర్లోని ఓక్లాండ్‌లో ఫెడెక్స్‌కు పెద్ద కేంద్రమే ఉంది.

మా మేనల్లుడు ఇక్కడ ఒక రీజినల్ విమాన సంస్థలో కోపైలట్. మొన్న భోజనానికి వచ్చి, "మామయ్యా, కాంట్రాక్టు కార్గోలోకి మారదామనుకుంటున్నా. పెద్ద విమానం, జీతమూ బాగుంది. నువ్వేమంటావు?" అని అడిగాడు. నా దగ్గర సలహా లేదు గానీ, ఒక కథ ఉంది. అది మన బేగంపేటది.

నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో డక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించారు. మరుసటి ఏడాది బేగంపేట నుంచి దాని డకోటాలు ప్రయాణికులతో ఎగిరాయి. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన డకోటాలు చవకగా దొరికిన కాలమది. దేశమంతటా విమాన కంపెనీలు పుట్టుకొచ్చాయి, ప్రయాణికులు మాత్రం అంతగా పెరగలేదు. 1947లో కమర్షియల్ లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌ను ఆడమనిషని చాలా సంస్థలు కాదన్నాయి. ఉద్యోగమిచ్చింది డక్కన్ ఎయిర్‌వేసే. అయితే విమానాన్ని ఆమె చేతికి అప్పగించి కెప్టెన్‌ను చేయడానికి అదీ వెనుకాడింది. ఆమె అక్కడినుంచి తప్పుకుని జి.డి. బిర్లా సొంత విమానం నడిపారు, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరారు. ఉన్నచోట ఉండాలా, మారాలా అన్న ప్రశ్న మావాడిది ఒక్కడిదే కాదన్నమాట.

ప్రయాణికులు చాలనప్పుడు ఆసరా అయ్యింది ఉత్తరాల మూట. 1949 జనవరిలో రాత్రి తపాలా విమానాలు మొదలయ్యాయి. బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసుల నుంచి రాత్రిపూట నాలుగు డకోటాలు బయలుదేరి దేశానికి నడిమధ్యన ఉన్న నాగపూరులో అర్ధరాత్రి దాటాక కలుసుకునేవి. అక్కడ సంచులు మార్చుకుని తెల్లవారేసరికి ఎవరి ఊరికి వాళ్ళు చేరేవారు. ఆ ఏప్రిల్ నుంచి అదనపు రుసుము లేకుండానే మామూలు ఉత్తరాలు కూడా విమానమెక్కాయి. అప్పటికి కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనివే. ఢిల్లీలో ఉద్యోగం చేసుకునే కొడుకు రాసిన ఉత్తరం మర్నాటికల్లా మద్రాసు చేరడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఆ పని ఒకరి చేతినుంచి ఒకరి చేతికి మారుతూ కొన్నాళ్ళకు డక్కన్ ఎయిర్‌వేస్‌కు వచ్చింది. 1953 ఆగస్టు 1న ఎనిమిది సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాయి. డక్కన్ పేరు చెరిగిపోయినా రాత్రి తపాలా సాగింది. ఆ డిసెంబరు 12న నాగపూరు నుంచి మద్రాసుకు లేచిన డకోటా లేచీలేవగానే కూలి 13 మంది చనిపోయారు. పైలట్ బతికాడు. ఉత్తరం వేళకు అందడం వెనుక ఎంత మూల్యం ఉందో ఆ రాత్రి చెబుతుంది.

అదే సూత్రంతో 1973 ఏప్రిల్ 17 రాత్రి అమెరికాలో ఫెడెక్స్ మెంఫిస్ కేంద్రంగా 14 చిన్న జెట్‌లతో 186 పార్సిళ్ళు మోసింది. 2009లో కెప్టెన్ గోపీనాథ్ "డెక్కన్ 360" కార్గో సంస్థకు మళ్ళీ నాగపూరునే కేంద్రంగా ఎంచుకున్నారు. రెండేళ్ళు తిరక్కుండానే అది ఆగిపోయింది. 2023 జనవరిలో శంషాబాదులో మొదలైన అమెజాన్ ఎయిర్‌కు విమానాలు నడిపింది క్విక్‌జెట్ సంస్థ.

కాంట్రాక్టు కార్గో తీరు ఇదే. విమానం, సిబ్బంది, మరమ్మతు, బీమా ఒకరివి. సరుకూ దారీ ఇంకొకరివి. సరుకువాడు మనసు మార్చుకుంటే పైలట్‌కు పని పోతుంది. ఇక్కడి రీజినల్ సంస్థ మెసా 2020లో డీహెచ్ఎల్ కోసం 737లు నడపడం మొదలుపెట్టింది. 2024కల్లా ఆ పని ముగిసింది.

నిద్ర సంగతి మరొకటి. 2009లో బఫెలో దగ్గర రీజినల్ విమానం కూలి 50 మంది పోయాక, పైలట్ల విశ్రాంతికి కొత్త నిబంధనలు తయారై 2014 జనవరిలో అమలయ్యాయి. ప్రయాణికుల విమానాలకే అవి తప్పనిసరి. కార్గోకు మినహాయింపు దొరికింది. అంతకు కొన్ని నెలల ముందే, 2013 ఆగస్టు 14 తెల్లవారకముందు బర్మింగ్‌హామ్‌లో యూపీఎస్ సరుకు విమానం కూలి ఇద్దరు పైలట్లూ మరణించారు.

ఇదంతా విని మావాడు కాసేపు మాట్లాడలేదు. "అయితే వద్దంటావా?" అన్నాడు. వద్దనలేదు. కాంట్రాక్టు ఎవరితో, ఎన్నేళ్ళకు, నెలకు ఎన్ని రాత్రులు, పగలు పడుకునేది ఎక్కడ అన్నవి ముందు అడగమన్నాను. "జీతం సంగతి ఆఖర్న అడగాలన్నమాట" అని నవ్వాడు. ఇంకా ఏదీ తేల్చుకోలేదు.

ఈ సభకు వచ్చినవారి ఇళ్ళలో తాతగారో పెదనాన్నగారో బేగంపేటలో డకోటాలు నడిపినవారు, బాగుచేసినవారు, సంచులు మోసినవారు ఉండే ఉంటారు. వారి గురించి ఇంట్లో చెప్పుకునే మాటలను మన తరంలోనే రాసి పెట్టుకుందాం. మన పిల్లలకు ఏదో ఒకనాడు అవి అక్కరకొస్తాయి.