ఇసుక కుప్ప నుంచి ఇనుప చట్రం దాకా

సెలవు రోజు సాయంత్రం నగరంలో ఏ చిల్డ్రన్స్ పార్కుకు వెళ్ళినా సరంజామా దాదాపు ఒకటే. రెండు ఉయ్యాలలు, వాటి ముందు పిల్లల క్యూ, ఒక జారుడుబల్ల, ఎక్కి దిగడానికి ఒక ఇనుప చట్రం, అదృష్టం బాగుంటే ఓ మూల కాస్త ఇసుక. హైదరాబాదైనా విశాఖపట్నమైనా, షికాగో అయినా లండన్ అయినా ఇంతే. ఇవన్నీ తరతరాల నుంచీ ఉన్నవే అనిపిస్తుంది. నిజానికి పిల్లల కోసమని నగరం కాస్త జాగా విడిచి, అందులో ఆట సామగ్రి బిగించడం మొదలైంది పందొమ్మిదో శతాబ్దంలోనే. ఆ సామగ్రిలో చాలావాటికి పుట్టిన ఊరుంది, పుట్టించిన మనిషి ఉన్నారు.

ఉయ్యాల మాత్రం ఎప్పటిదో. అట్లతద్ది నాడు చెట్టుకొమ్మకు మోకు వేసి ఊగడానికి మన ఆడపిల్లలకు ఏ పార్కూ అక్కర్లేకపోయింది. గోలీలు వీధిలో, తొక్కుడుబిళ్ళ ఇంటి ముందు, కర్రాబిళ్ళ ఊరి బయట, కోతికొమ్మచ్చి మామిడితోటలో. ఆటకు చోటు వెతుక్కునే అవసరం నగరంతోనే వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్యాక్టరీల వెంట జనం వచ్చి ఒకే గదిలో సంసారాలు పెట్టారు. గదిలో చోటు లేని పిల్లలు వీధిలో పడ్డారు. ఆ వీధిలోకి గుర్రపుబళ్ళు, ట్రాములు, వాటి వెనకే మోటారుకార్లు వచ్చి పిల్లల్ని తరిమేశాయి, కొందరిని పొట్టన పెట్టుకున్నాయి. అలా వీధిని లాక్కున్న నగరం పిల్లలకు చెల్లించిన నష్టపరిహారమే ఆటస్థలం.

అమెరికాలో ఆ పరిహారం మొదట ఇసుక రూపంలో అందింది.

1885 వేసవిలో డాక్టర్ మేరీ జక్షెవ్స్కా బెర్లిన్‌లో ఉన్నారు. ఆమె పుట్టిన ఊరు అదే. అమెరికా వెళ్ళి వైద్యం చదివి, బోస్టన్‌లో స్త్రీలకూ పిల్లలకూ ఆస్పత్రి స్థాపించిన వ్యక్తి. బెర్లిన్ పార్కుల్లో ఇసుక కుప్పలు పోసి ఉంచడం, కలిగినవాళ్ళ పిల్లలూ లేనివాళ్ళ పిల్లలూ కలిసి వాటిలో ఆడుకోవడం ఆమె కళ్ళారా చూశారు. కిండర్‌గార్టెన్‌కు ఆద్యుడైన ఫ్రోబెల్ ఆలోచనలు జర్మనీలో బాగా పాకిన కాలమది. ఆమె వెంటనే బోస్టన్‌లో ఆరోగ్యం, పరిశుభ్రతల కోసం పనిచేసే ఒక సంఘానికి ఉత్తరం రాశారు. వలస కుటుంబాలు కిక్కిరిసి బతికే నార్త్ ఎండ్ ప్రాంతంలో, పార్మెంటర్ వీధిలోని ప్రార్థనాలయం ఆవరణలో ఇసుక పోయించారు.

ఉయ్యాల లేదు, జారుడుబల్ల లేదు, ఉన్నది ఇసుక ఒక్కటే. పిల్లలకు అది చాలు. తడి ఇసుకలో పాదం పెట్టి, పైన ఇంకాస్త ఇసుక కప్పి, అరచేత్తో తట్టి, మెల్లగా పాదం లాగితే పిచ్చుకగూడు నిలబడుతుంది. ఆ విద్యను ఏ దేశపు పిల్లలకూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు. కొద్ది సంవత్సరాల్లోనే బోస్టన్‌లో ఇలాంటి ఇసుక తోటలు మరికొన్ని వెలిశాయి. షికాగోలో జేన్ ఆడమ్స్ నడిపిన హల్ హౌస్ అనే సేవాకేంద్రం 1894లో పేటపిల్లల కోసం ఒక ఆటస్థలం తెరిచింది.

ఇవన్నీ దాతల చలవ. ఆటస్థలం నగరపాలన బాధ్యతేనని న్యూయార్క్‌లో పట్టుబట్టినవారు లిలియన్ వాల్డ్, చార్లెస్ స్టోవర్. వాల్డ్ పేదల ఇళ్ళకు వెళ్ళి సేవ చేసే నర్సు. వాళ్ళిద్దరూ 1898లో ఒక సంఘం పెట్టి, ఖాళీ జాగాల్లో తాత్కాలికంగా ఆట సామగ్రి ఏర్పాటు చేసి చూపించారు. ఐదేళ్ళకు, 1903 అక్టోబరులో, లోయర్ ఈస్ట్ సైడ్‌లో సీవర్డ్ పార్కు తెరుచుకుంది. అమెరికాలో నగరపాలక సంస్థ శాశ్వతంగా కట్టిన తొలి ఆటస్థలంగా దానికి పేరు. తొలిరోజే పిల్లలు వేల సంఖ్యలో విరుచుకుపడ్డారు. అక్కడి భవనంలో వ్యాయామశాల, స్నానాల గదులు ఉండేవి. పిల్లల్ని తీసుకొచ్చిన తల్లులు కూర్చోవడానికి ఊగే కుర్చీలు కూడా వేశారు. పిల్లవాడితో పాటు వచ్చే తల్లి కూడా అలసిన మనిషేనని నూట ఇరవై ఏళ్ళ కిందట ఎవరో గుర్తించారు. ఎండకు కాలే సిమెంటు బెంచీ మీద గంటసేపు కూర్చున్న తల్లికి ఆ గుర్తింపు విలువ తెలుస్తుంది.

1906లో అమెరికా ఆటస్థలాల సంఘం ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు లూథర్ గులిక్, స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో పనిచేసినవాడు. ఆ కుదురు నుంచే ఒక పాయ మన వైపూ వచ్చింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన హారీ క్రో బక్ మద్రాసు చేరి, 1920లో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలను ప్రారంభించాడు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో భాగమైన కోస్తా, రాయలసీమ జిల్లాల బడులకు డ్రిల్లు మాస్టార్లుగా వచ్చినవారిలో అక్కడ తర్ఫీదు పొందినవారున్నారు.

ఇసుక సంగతి సరే, ఇనుము ఎక్కడి నుంచి వచ్చింది? అందులో కొంత ఇంగ్లండులోని కెటరింగ్ అనే చిన్న పట్టణం నుంచి. అక్కడ చార్లెస్ విక్‌స్టీడ్ అనే ఇంజనీరుకు యంత్రాల కర్మాగారం ఉండేది. తన సొంత డబ్బుతో స్థలం కొని, జనానికి ఉద్యానవనంగా తీర్చిదిద్దుతున్నాడు. ఒకసారి సండే స్కూలు పిల్లలు విహారానికి వస్తున్నారని, చెక్కు తీయని దుంగలు పాతి, గొలుసులు వేలాడదీసి, ఉయ్యాలలు కట్టించాడు. ఆ ఒక్క రోజుకే అనుకున్న ఏర్పాటు అది. పిల్లలు వాటిని వదిలిపెడితే కదా! విప్పడం మానేసి, తన కర్మాగారంలోనే గట్టి ఉయ్యాలలు చేయించాడు. 1921లో పార్కు లాంఛనంగా మొదలైంది. ఆ తర్వాత చెక్క జారుడుబల్ల కూడా వచ్చింది. మగపిల్లలకొకటి, ఆడపిల్లలకొకటి విడివిడిగా ఉన్న ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. పక్క ఊళ్ళవాళ్ళు మాకూ కావాలన్నారు. చూస్తుండగానే ఆ కర్మాగారం ఆట సామగ్రి తయారీదారుగా మారి, సముద్రాలు దాటించి సరుకు పంపింది. ఒక విహారయాత్ర కోసం పాతిన దుంగలు పరిశ్రమ అయ్యాయి. పిల్లలు అడ్డగోలుగా వాడినా విరగకూడదనే పట్టుదల ఆ ఇంజనీరుది కాబట్టే ఆ సామగ్రి అన్నేళ్ళు నిలిచింది.

పిల్లలు కోతుల్లా పాకే ఇనుప చట్రం కథ ఇంతకన్నా విచిత్రం. చార్లెస్ హోవార్డ్ హింటన్ బ్రిటన్‌కు చెందిన గణితవేత్త. పొడవు, వెడల్పు, ఎత్తు కాక నాలుగో పరిమాణం ఒకటుందని జీవితమంతా దాని వెంటే పడ్డవాడు. పెద్దవాళ్ళకు అది ఊహకందకపోవడానికి కారణం, చిన్నప్పుడు మూడు పరిమాణాల్లో కూడా సరిగ్గా తిరగకపోవడమేనని అతని నమ్మకం. నేల మీదే నడుస్తాం గనుక పైకీ కిందికీ కదలడం మనకు అలవడలేదంటాడు. జపాన్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో తన పిల్లల కోసం వెదురు బొంగులతో గళ్ళుగళ్ళుగా పెద్ద చట్రం కట్టాడు. అడ్డంగా వెళ్ళే బొంగులకు ఒక వరస గుర్తులు, నిలువువాటికి ఒక వరస, లోపలికి వెళ్ళేవాటికి ఇంకొకటి. తండ్రి కింద నిలబడి మూడు గుర్తులు కేకేస్తే, ఆ మూడూ కలిసే చోటికి ఎవరు ముందు చేరతారా అని పిల్లలు పోటీపడాలి.

పిల్లలకు జ్యామితి పట్టలేదు. ఎక్కడం, వేలాడటం, ఒకరినొకరు తరుముకోవడం మాత్రం తెగ నచ్చింది. అచ్చం మన కోతికొమ్మచ్చే, చెట్టు బదులు వెదురు.

ఆ పిల్లల్లో ఒకడు సెబాస్టియన్ హింటన్. పెద్దయ్యాక షికాగో దగ్గర విన్నెట్కాలో స్థిరపడి, పేటెంట్ల లాయరయ్యాడు. ఒక విందులో మాటల సందర్భంలో నాన్న కట్టిన వెదురు చట్రం సంగతి చెబితే, అక్కడున్న విద్యావేత్తలు అలాంటిది మన బడిలో పెడదామన్నారు. నాలుగో పరిమాణం ఊసు వదిలేసి, వెదురు స్థానంలో ఇనుప గొట్టాలు వేశారు. కొడుకు 1920లో దరఖాస్తు చేసిన పేటెంటు 1923లో వచ్చింది. ఎగబాకడం మనిషి పూర్వీకుల సహజమైన నడక అనే వాదన ఆ దరఖాస్తులోనే ఉంది. తండ్రి ఆశించిన నాలుగో పరిమాణం ఎవరికీ దొరకలేదు గానీ, ప్రపంచంలోని బడులకూ పార్కులకూ జంగిల్ జిమ్ దొరికింది.

ఇనుము దొరికాక ఆటస్థలాలు కట్టడం సులువైంది. 1934 నుంచి న్యూయార్క్ పార్కుల అధిపతిగా ఉన్న రాబర్ట్ మోజెస్ తన హయాంలో 600కు పైగా ఆటస్థలాలు కట్టించాడు. సంఖ్య గొప్పదే. అయితే ఒకే నమూనా, చుట్టూ కంచె, కింద తారు. శిల్పి ఇసాము నొగుచి 1933లో నేలనే మెట్ల కొండగా మలిచి పిల్లలకు ఇద్దామని ఒక నమూనా తయారుచేసి తీసుకెళితే మోజెస్ తోసిపుచ్చాడు. ఆ ఆటల కొండ చివరికి జపాన్‌లోని సప్పొరోలో, చెత్త నింపిన స్థలం మీద వెలిసిన మోయెరెనుమా పార్కులో నిజమైంది. ఆ పార్కు పూర్తయింది 2005లో. నొగుచి 1988లోనే చనిపోయాడు.

ఇనుము పాతితే సరిపోతుందా అని గట్టిగా అడిగినవాడు డెన్మార్క్‌కు చెందిన కార్ల్ థియోడర్ సొరెన్సెన్. ఉద్యానవనాల రూపశిల్పి. తాను అందంగా కట్టిన ఆటస్థలాలు వదిలేసి పిల్లలు కట్టడాలు జరిగేచోట మిగిలిన చెక్కముక్కలతో, ఇటుకలతో ఆడుకోవడం గమనించాడు. 1931లోనే ఆ మాట రాశాడు. అమలైంది 1943లో, కోపెన్‌హాగన్ నాజీల ఆక్రమణలో ఉన్నప్పుడు, ఎమ్‌డ్రప్ అనే కార్మికుల కాలనీలో. చుట్టూ మట్టిగట్టు పోసి, లోపల చెక్కలు, ఇటుకలు, తాళ్ళు, పారలు, సుత్తులు పడేశారు. జాన్ బెర్టెల్సెన్ అనే మాజీ నావికుణ్ణి తోడుగా నియమించారు. ఏం కట్టాలో అతను చెప్పేవాడు కాదు; అడిగితే సాయం చేసేవాడు. పిల్లలు గుడిసెలు వేశారు, గుహలు తవ్వారు, నచ్చకపోతే కూల్చి మళ్ళీ కట్టారు. తన చేతుల మీద వచ్చినవాటిలో చూపుకు ఇదే అనాకారి, తనకు మాత్రం ఇదే అన్నిటికన్నా అందమైనదని సొరెన్సెన్ తర్వాత చెప్పుకున్నాడు.

1946లో బ్రిటన్‌కు చెందిన మార్జరీ ఆలెన్ నార్వే ప్రయాణంలో కోపెన్‌హాగన్‌లో ఆగి, ఎమ్‌డ్రప్ చూసి, ఆ ఆలోచనను లండన్‌కు తీసుకెళ్ళారు. బాంబులకు కూలిన స్థలాలు లండన్‌లో కొల్లలు. 1948లో కాంబర్‌వెల్‌లో, ధ్వంసమైన ఒక చర్చి జాగాలో అలాంటి ఆటస్థలం మొదలైంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ యుద్ధం ఖాళీ జాగాలు మిగిల్చింది. నాజీలు యూదు కుటుంబాలను తరలించుకుపోయాక, 1944 చివర మొదలైన కరువు చలికాలంలో జనం ఆ ఖాళీ ఇళ్ళ దూలాలూ తలుపులూ పీకి పొయ్యిలో పెట్టుకున్నారు, ఇళ్ళు కూలాయి. యువ ఆర్కిటెక్ట్ ఆల్డో వాన్ ఐక్ నగర ప్రణాళికా విభాగంలో యాకోబా ముల్డర్ దగ్గర పనిచేస్తూ 1947లో బెర్టెల్మన్ చౌక్‌లో తొలి ఆటస్థలం చేశాడు. వెడల్పాటి కాంక్రీటు అంచున్న ఇసుక తొట్టి, గెంతడానికి గుండ్రటి దిమ్మెలు, పల్టీలు కొట్టే కడ్డీలు, చెట్లు, బెంచీలు. కంచె లేదు. ఆ అంచు మీద పిల్లలు ఇసుక రొట్టెలు తట్టేవారు, పెద్దలు కూర్చునేవారు. ఏనుగు బొమ్మలు, ఒంటె బొమ్మలు అతనికి గిట్టవు. ఏనుగు బొమ్మ ఏనుగుగానే ఉండిపోతుంది. వట్టి కమాను మాత్రం పిల్లవాడి ఇష్టాన్ని బట్టి ఇల్లూ కొండా పడవా అవుతుంది. ఒక పేటలో కట్టింది చూసి పక్క పేటవాళ్ళు మాకూ కట్టండని నగరపాలనకు ఉత్తరాలు రాశారు. 1978 నాటికి 700కు పైగా అయ్యాయి. మాయమైన మనుషుల ఇళ్ళ జాగాల్లో కొన్ని వెలిశాయన్నది ఈ చరిత్రలో మరచిపోకూడని సంగతి.

ఆ తర్వాతి కాలమంతా భద్రతదే. అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి 1981లో ఆటస్థలాల భద్రతకు మార్గదర్శకాలు అచ్చువేసింది. తారు పోయి రబ్బరు వచ్చింది, ఇనుము పోయి ప్లాస్టిక్ వచ్చింది, ఎత్తులు తగ్గాయి. దెబ్బలు తగ్గించడం మంచిదే. ఇసుక కూడా పోవడం నష్టం.

ఇప్పుడు మన నగరాల్లో చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్ళేది మాల్‌లోని ప్లే జోన్‌కు. గంటకింత రుసుము, ప్రత్యేకమైన సాక్సులు, ఏసీ గాలి. వాన రోజున, ఎండ రోజున ఆ సౌకర్యాన్ని కాదనలేం. కాకపోతే నగరం చెల్లించాల్సిన పరిహారాన్ని అక్కడ తల్లిదండ్రులే చెల్లిస్తున్నారు, చెల్లించలేనివాళ్ళ పిల్లలు బయటే ఉండిపోతున్నారు.

ఎక్కువ డబ్బు లేకుండా ఏం చేయొచ్చో బెంగళూరుకు చెందిన యాంట్‌హిల్ క్రియేషన్స్ అనే సంస్థ చేసి చూపిస్తోంది. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఆర్కిటెక్చర్ చదివేటప్పుడు పూజా రాయ్, మిత్రులు పాత టైర్లతో మొదలుపెట్టిన పని అది; తర్వాత దేశమంతటా బడుల్లో, బస్తీల్లో వందల ఆటస్థలాలైంది. లారీ టైర్లు సగం దాకా నేలలో పాతితే సొరంగం, గొలుసుకు వేలాడదీస్తే ఉయ్యాల, ఒకదానికొకటి బిగిస్తే ఎగబాకే గోడ. ముందుగా టైరును కడగాలి, తీగలు బయటికొచ్చినవాటిని పక్కన పెట్టాలి, లోపల వాననీళ్ళు నిలిచి దోమలు చేరకుండా అడుగున కన్నాలు వేయాలి, ఆ తర్వాతే రంగు. ఈ పనికి మెకానిక్ షెడ్డు వెనక పడున్న సరుకు, నాలుగు బోల్టులు, ఒక ఆదివారం ఉంటే చాలు. కావాల్సిన జాగా మాత్రం మునిసిపాలిటీయో బడో ఇవ్వాలి.