మార్జొరీ ముచ్చట

ఇటు మంట దిక్కు జరుగు బిడ్డా. సూది ఏసుకున్నవా? మంచిది. ఆ ఇన్సులిన్ సూదిమందు ఎట్లొచ్చిందో చెప్త ఇను. పశువుల దవాఖానల నౌకరి చేసినోన్ని గద, ఈ ముచ్చట అంటె నాకు పానం.

ఎనకట పిల్లలకు షుగరొస్తె మందే లేకుండె. అమెరికాల అలెన్ అనే డాక్టరు తిండి మస్తు తక్కువ చేసి, ఆకలితోనే ఇంకిన్ని దినాలు బతికించెటోడు. కన్నోళ్లు ఎట్ల ఓర్సుకున్నరో!

1889ల స్ట్రాస్‌బర్గ్‌ల మింకోవ్‌స్కీ, వాన్ మెరింగ్ అని ఇద్దరు డాక్టర్లు ఒక కుక్క క్లోమం తీసేసిండ్రు. అది ఒక్కతీరుగ ఉచ్చ పోసుడు వెట్టింది. పరీక్ష జేస్తె ఉచ్చల చక్కెర! జబ్బు మూలం క్లోమంల ఉన్నదని గప్పుడు తేలింది. కానీ అండ్ల నుంచి పనికొచ్చే మందు తీసుడు 30 ఏండ్లు ఎవలతోని కాలే.

1921 ఎండకాలంల కెనడాల, టొరంటో యూనివర్సిటీల, బాంటింగ్ అనే సర్జను, బెస్ట్ అనే చదువుకునే పిలగాడు పనికి దిగిండ్రు. జాగ, కుక్కలు ఇచ్చింది మక్లౌడ్ ప్రొఫెసరు. కొన్ని కుక్కలకు క్లోమం తీసి షుగరు తెప్పిచ్చిండ్రు, వేరేటి క్లోమం రసం వాటికి ఎక్కిచ్చిండ్రు. ఎన్నో సచ్చిపోయినయి. వాటిని అడిగి చేసిన పని కాదది, గది నీకు దాసిపెట్టి చెప్ప. 92 నంబరుది కోలీ జాతి కుక్క, 20 దినాలు బతికింది. అది పోయిననాడు కండ్లనీళ్లు ఆగలేదని బాంటింగే రాసుకున్నడు. ఎందరో రోగులు పోతె ఏడ్వనోడు! ఇగ 33 నంబరుది మార్జొరీ. సూదులమీద సుమారు 70 దినాలు నిలవడ్డది. పెద్ద ధైర్యమిచ్చింది గదే.

1922 జనవరి 11న లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏండ్ల పిలగానికి ఎద్దు క్లోమం నుంచి తీసిన మందు ఇచ్చిండ్రు. మందు మురికిగుండె, గుణం అంతగ రాలే. కొలిప్ అనేటాయన దాన్ని శుద్ధి జేసిండు. 23న మల్ల ఇస్తె చక్కెర దిగింది. ఎముకల గూడుగ ఉన్న పిలగాడు ఇంకో 13 ఏండ్లు బతికిండు.

1923ల బాంటింగ్‌కు, మక్లౌడ్‌కు నోబెల్ వచ్చింది. బాంటింగ్ తన పైసల్ల సగం బెస్ట్‌కు, మక్లౌడ్ తనయి సగం కొలిప్‌కు పంచిండ్రు. నాకు గది మస్తు నచ్చింది.

కుక్కలకు గూడ షుగరొస్తది బిడ్డా. పంది ఇన్సులిన్, కుక్క ఇన్సులిన్ అచ్చం ఒక్కటే, అందుకే వాటికి పంది ఇన్సులిన్ పనిజేస్తది. మా దవాఖానకొచ్చిన ఒక ముసలి కుక్కకు పొద్దుగాల, మాపటీలి, తిండి వెట్టినంక సూది ఎట్లెయ్యాల్నో దాన్ని సాదుకునే అమ్మకు నేనే నేర్పిన.