బళ్ళారి సీమలో వెక్కిళ్ళు

బళ్ళారి సీమలో పసిబిడ్డకు వెక్కిళ్ళు రాగానే తెలుగు అవ్వ “ఎవరో తలచుకొనుచున్నారు” అనును. పొరుగింటి కన్నడ అవ్వయు తన భాషలో ఆ మాటయే పలుకును. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చెను. బళ్ళారితో కూడ తక్కినవి మైసూరున కలిసెను. ఏ తాలూకాలో ఏ భాషవా రెందరను లెక్కలు ఆనాడు ముమ్మరముగా సాగెను గాని, వెక్కిళ్ళ నెవరును లెక్కింపలేదు.

లెక్కించినచో పంపకము కష్టమయ్యెడిది. తెలుగున వకారముతో మొదలగు పెక్కు దేశ్యపదములకు కన్నడమున బకారము వచ్చును: వేరు–బేరు, వెల–బెలె, వెండి–బెళ్ళి. అట్లే మన వెక్కు వారి బిక్కు. తమిళమున అది విక్కు. వెక్కి వెక్కి యేడ్చుట కన్నడమున బిక్కి బిక్కి యేడ్చుటయే. కావున ఈ మాట యొకరినుండి యొకరు ఎరువు తెచ్చుకొన్నది కాదు. భాషలు వేరుపడుటకు ముందటి ఉమ్మడి సొత్తు.

ప్రాచీన వైద్యులు దీనిని హిక్క యనిరి. కఫముతో కూడిన వాతము ప్రాణ, ఉదక, అన్నవాహినుల నడ్డగించుటచే నిది పుట్టునని చెప్పి, చరకుడు ఐదు భేదములను పేర్కొనెను. తొందరగా తినుటచే వచ్చి తానే పోవు అన్నజ హిక్క వానిలో నొకటి. హిక్కాశ్వాసములవలె శీఘ్రముగా ప్రాణము తీయు రోగములు లేవని యాతని హెచ్చరిక. ఇది అతిశయోక్తియే యైనను, రెండు దినములకు మించి నిలిచిన వెక్కిళ్ళు మూత్రపిండముల వైఫల్యమునకో, మెదడులోని వ్యాధికో చిహ్నము కావచ్చును.

రొమ్మునకు కడుపునకు నడుమనున్న డయాఫ్రమ్ అను కండరము హఠాత్తుగా ముడుచుకొనగా గాలి లోనికి దూసుకొనిపోవును. వెంటనే కంఠద్వారము మూతపడును. ఆ మూతపాటు చప్పుడే వెక్కు. గర్భస్థశిశువునకును ఇది కలుగును. ఎందుల కను ప్రశ్నకు మాత్రము శాస్త్రజ్ఞు లింకను ఏకాభిప్రాయమునకు రాలేదు.

చిటికెడు చక్కెర తినిపించుట, గుక్క గుక్కగా నీరు త్రాగించుట, “దొంగతనము చేసితివట!” అని బిడ్డను బెదరించుట ఇంటి వైద్యములు. ఊపిరి నడక మారుటచే ఇవి యొక్కొకప్పుడు పనిచేయును. బెదరింపు మాత్రము అంత మెచ్చదగినది కాదు.

అంతకంటె ముచ్చటైనది పేర్లు చెప్పుట. బంధువుల పేర్లు వరుసగా పలుకుచుండగా ఏ పేరుకడ వెక్కిళ్ళు నిలిచిన, ఆ మనిషియే తలచెనని తీర్పు. బళ్ళారి యింట ఆ వరుసలో రాయదుర్గపు మేనత్తయు, ఆదవాని పెదనాన్నయు తప్పక వత్తురు.