ఆదివారం రామాయణం, మిగతా ఆరు రోజుల చేతిపని

రామాయణం సీరియల్ గురించి ఇప్పటికే బోలెడంత రాశారు. వీధులు ఖాళీ అయ్యేవని, టీవీకి దండ వేసి హారతి ఇచ్చేవారని, చెప్పులు బయట విడిచి వచ్చి కూర్చునేవారని చదువుతూనే ఉంటాం. అవన్నీ ఆదివారం పొద్దుటి సంగతులు. సోమవారం నుంచి శనివారం దాకా ఆ సీరియల్ మన ఇళ్లల్లో ఏం చేసిందన్నది మాత్రం పెద్దగా కనిపించదు. ఈరోజు నేను చెప్పాలనుకున్నది ఆ ఆరు రోజుల చరిత్ర. అందులో వెదురు విల్లులున్నాయి, అట్ట కిరీటాలున్నాయి, కుట్టుపని ఫ్రేములున్నాయి, రథం ముగ్గులున్నాయి. వాటి వెనక, చేసిన పనికి పేరు రాసుకోని ఆడవాళ్లున్నారు.

ముందు తేదీలు చెప్పుకుందాం. రామానంద్ సాగర్ తీసిన 'రామాయణ్' దూరదర్శన్‌లో 1987 జనవరి 25న మొదలైంది. మొదట 52 భాగాలే అనుకున్నారు, 78 భాగాలు సాగి 1988 జూలై 31న ముగిసింది. అప్పుడే ఆపొద్దు, కథ ఇంకా ఉందని జలంధర్‌లో పారిశుద్ధ్య కార్మికులు ఏకంగా సమ్మె చేశారు. దాంతో తర్వాత ఉత్తర రామాయణం కూడా తీయాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 2న బి.ఆర్. చోప్రా 'మహాభారత్' మొదలైంది. 94 భాగాలతో 1990 జూన్ 24 దాకా నడిచింది. అంటే మధ్యలో రెండు నెలలు తీసేస్తే, దాదాపు మూడున్నరేళ్ల పాటు ఆదివారం పొద్దున అంటే పురాణమే.

మాది చిలుకూరు. వీసా బాలాజీ ఉన్న చిలుకూరు కాదండీ, కోదాడ నుంచి హుజూర్‌నగర్ పోయే దారిలో ఉన్న చిలుకూరు. 2016లో సూర్యాపేట జిల్లా అయింది, అంతకుముందు నల్లగొండ జిల్లానే. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో వరి పండించుకునే ఊళ్లు మావి. అప్పట్లో ఊళ్లో టీవీ ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఎత్తైన గొట్టానికి యాంటెన్నా, దాన్ని తిప్పడానికి డాబా మీద ఒకడు, "వచ్చిందా?" అని వాడు పైనుంచి అరవడం, "కొంచెం ఇటు, కొంచెం ఇటు" అని కిందినుంచి ఇంకొకరు అరవడం. నలభై దాటిన మీకందరికీ ఇది గుర్తుండే ఉంటుంది.

సీరియలేమో హిందీ. మా ఆడవాళ్లకు హిందీ ఎక్కడొచ్చు? ఇక్కడొక తమాషా ఉంది. మాది ఒకప్పటి నిజాం ఇలాకా కాబట్టి పెద్దమనుషుల్లో ఉర్దూ మీడియంలో చదువుకున్నవాళ్లు ఉండేవారు. సినిమా హిందీ వాళ్లకు సులువుగానే అర్థమయ్యేది. కానీ ఈ సీరియళ్ల హిందీ వేరు. ప్రతిజ్ఞ, వచనం, వనవాసం, ఆజ్ఞ, ధర్మం అంటూ అన్నీ సంస్కృత పదాలే. అవి తెలుగు పురాణం విన్న ఏ నాయనమ్మకైనా తెలిసిన మాటలే. ఆ విధంగా ఉర్దూ చదివిన తాతల కంటే, హరికథలు విన్న నాయనమ్మలే ఒక మాట ముందు అర్థం చేసుకునేవారు. మహాభారత్‌కు మాటలు రాసినాయన రాహీ మాసూమ్ రజా. ఆ సీరియల్ వచ్చాక పిల్లలు సరదాకి నాన్నను "పితాశ్రీ" అని పిలవని ఇల్లుందా చెప్పండి.

ఇక చేతిపని సంగతికొస్తాను. ఆదివారం పదిగంటలు దాటగానే పిల్లల పని మొదలయ్యేది. వెదురు బద్ద వంచి గోనె పురికొస కడితే విల్లు. చీపురుపుల్లలో, కందికట్టెలో బాణాలు. సోడా మూతను రాయితో చితక్కొట్టి పుల్ల కొసకు చుడితే ములికి. కర్రకు ఎండిన కొబ్బరిబోండాం గుచ్చితే భీముడి గద. అమ్మ పాత చున్నీయో, నాన్న తువ్వాలో నడుముకు దోపితే హనుమంతుడి తోక. ఇంటింటికీ ఒక "కళ్లు జాగ్రత్తరా!" అనే కేక కూడా ఉండేది, ఎందుకంటే ఆ బాణాలు నిజంగానే గుచ్చుకునేవి.

కిరీటాల దగ్గర పని కాస్త పెద్దది. పాత పెళ్లి శుభలేఖలు, అగరొత్తుల డబ్బాలు, సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితం పోగు చేయాలి. మైదాపిండి ఉడకబెట్టి జిగురు కాయాలి, లేకపోతే తుమ్మజిగురు నానబెట్టాలి. అట్టను కొలిచి కత్తిరించి, చమ్కీలు అంటించి, చెవుల దగ్గర దారం కట్టాలి. ఈ పనంతా ఎవరు చేసేవారు? అక్కలు, చిన్నమ్మలు, అమ్మలు. పెట్టుకుని వీధిలో ఊరేగేది మాత్రం తమ్ముళ్లు. సీత వేషం వేసిన పిల్ల చెట్టు కింద కూర్చుని ఎదురుచూడాలి, అంతే. ఆటలో ఆడపిల్లకు వచ్చిన పాత్ర చిన్నది, ఆట వెనక ఆమె చేసిన పని పెద్దది. ఆ కాలపు ఏ ఫోటో చూసినా కిరీటం పెట్టుకున్నవాడు కనపడతాడు, చేసినామె కనపడదు.

పెద్దవాళ్ల చేతులూ ఊరుకోలేదు. దుసూతి గుడ్డ మీద క్రాస్ స్టిచ్‌తో కుట్టిన గీతోపదేశం ఫ్రేమును మీరు ఏదో ఒక ఇంటి హాల్లో చూసే ఉంటారు. నాలుగు గుర్రాల రథం, పగ్గాలు పట్టిన కృష్ణుడు, చేతులు జోడించిన అర్జునుడు. ఆ బొమ్మ సీరియల్ కంటే ఎంతో ముందుది, క్యాలెండర్ల మీద ఎప్పటినుంచో ఉంది. అయితే ప్రతి ఆదివారం తెరమీద రథం కదలడం చూశాక, గుర్రం కాలు ఎలా మడుస్తుందో, జెండా ఎటు ఎగురుతుందో కుట్టేవాళ్లకు కొత్తగా తెలిసింది. కనుమ మర్నాడు వేసే రథం ముగ్గు కూడా అంతే. చుక్కలతో వేసే మామూలు రథానికి గుర్రాలొచ్చాయి, పైన కపిధ్వజం వచ్చింది. ఎవరూ నేర్పలేదు, చూసి వేశారు.

అయితే ఈ విద్య టీవీతో మొదలైందనుకుంటే పొరపాటు. కథ వినడం, విన్నదాన్ని సొంతంగా మార్చి ఇంకోటి చేయడం తెలుగు ఆడవాళ్లకు తరతరాల అలవాటు. స్త్రీల రామాయణపు పాటలే సాక్ష్యం. వాల్మీకి ఊర్మిళను అయోధ్యలో వదిలేసి ముందుకు వెళ్లిపోయాడు. మన ముత్తవ్వలు వదల్లేదు. పద్నాలుగేళ్లు ఆమె ఏం చేసిందని అడిగారు, 'ఊర్మిళాదేవి నిద్ర' పాట కట్టుకున్నారు. రాముడూ సీతా వామనగుంటలు ఆడితే ఎలా ఉంటుందో ఊహించారు. వెల్చేరు నారాయణరావు గారు ఈ పాటల మీద ఇంగ్లీషులో రాసిన పెద్ద వ్యాసం 1991లో పౌలా రిచ్‌మన్ తెచ్చిన 'మెనీ రామాయణాస్' అనే పుస్తకంలో వచ్చింది. అంతకుముందు పెరట్లో, వంటింట్లో పాడుకున్న పాటలు అలా ప్రపంచానికి తెలిశాయి.

ఆ పాటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఒకటి చెబుతాను. సీత లంక నుంచి తిరిగి వచ్చాక శూర్పణఖ మారువేషంలో వచ్చి, రావణుడి బొమ్మ గీసి చూపించమంటుంది. "నేనెప్పుడూ తలెత్తి ఆయన ముఖం చూడలేదు, కాలి బొటనవేలే చూశాను" అంటుంది సీత. సరే, వేలే గియ్యమంటుంది. సీత వేలు గీస్తే మిగతా బొమ్మ శూర్పణఖ పూర్తి చేస్తుంది, ఆ బొమ్మకు ప్రాణం వస్తుంది, సీతను విడిచిపెట్టదు. ఆ తర్వాత సీత కష్టాలన్నీ ఆ బొమ్మ నుంచే. బొమ్మ గీసే ఆడదాని చేతికి ఎంత శక్తి ఉందో, దానికి ఎంత మూల్యం చెల్లించాలో ఆ పాట కట్టినవాళ్లకు బాగా తెలుసు.

టీవీ రామాయణం మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇక్కడే వస్తుంది. వందల రామాయణాలున్న దేశానికి ఒకే రామాయణాన్ని, ఒకే ముఖాలతో చూపించేసిందని చరిత్రకారులు అన్నారు. నిజం చెప్పాలంటే సీరియల్ మొదట్లో ఆధారాలుగా చూపిన గ్రంథాల్లో మన గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం పేరు కూడా ఉంది. వాల్మీకంలో లేని ఉడుత భక్తి కథ మన ద్విపదలో ఉన్నదే కదా. పేరైతే ఉంది కానీ, తెర మీద కనపడింది ఎక్కువగా తులసీదాసు దారే. అప్పటిదాకా మనకు రాముడంటే 'లవకుశ'లో ఎన్టీఆర్. 1987 తర్వాత పుట్టిన చాలామందికి అరుణ్ గోవిల్.

నష్టపోయినవి పాటలొక్కటే కాదు. ఖద్దరు గుడ్డకు గంజి, తెల్లమట్టి, చింతగింజల అంబలి పట్టించి, దానిమీద కథను గళ్లు గళ్లుగా గీసే చేర్యాల నకాషీ పటాలు ఒకరకంగా ఆనాటి సీరియళ్లే. పటం విప్పుతూ ఒక్కో బొమ్మ చూపిస్తూ రాత్రంతా కథ పాడేవారు. తోలుబొమ్మలాటా అంతే. ఆ కథ చెప్పేవాళ్లకు పిలుపులు తగ్గాయి, చేర్యాల పటాలు గోడకు తగిలించుకునే చిన్న బొమ్మలయ్యాయి. కోదాడలో విజయవాడ బస్సెక్కితే దారిలో ఇబ్రహీంపట్నం దగ్గరే కొండపల్లి. తెల్లపొణికి కర్ర చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల ముద్ద కలిపిన మక్కుతో అతికి అక్కడివాళ్లు చేసే దశావతారాల ముఖాలను ఒకసారి చూడండి. టీవీ ముఖాలు కావవి. కొండపల్లి ముఖాలే. మన పాత చూపు ఇంకా ఎక్కడో మిగిలే ఉందని ధైర్యం వస్తుంది.

ఇది మన దగ్గరే జరిగిందా అంటే కాదు. అమెరికాలో 1966లో మొదలైన 'స్టార్ ట్రెక్' సీరియల్ మీద ఇష్టంతో 1967లో 'స్పాకనేలియా' అనే చిన్న పత్రిక పుట్టింది. నడిపింది ఇద్దరు ఆడవాళ్లు. ఆ సీరియల్ పాత్రలతో సొంత కథలు రాసుకుని, అచ్చు వేసుకుని పంచుకోవడంలో ముందున్నది ఆడవాళ్లే. ఇంగ్లండులో 'డాక్టర్ హూ' అనే సీరియల్ కథానాయకుడికి 1974లో మఫ్లర్ అల్లమని బిగోనియా పోప్ అనే ఆవిడకు ఊలు ఇచ్చారట. ఎంత పొడవో ఎవరూ చెప్పలేదు, ఆవిడ ఇచ్చిన ఊలంతా అల్లేసింది. ఇరవై అడుగుల దాకా వచ్చిన ఆ మఫ్లరే సీరియల్‌కు గుర్తుగా నిలిచిపోయింది. ఇప్పటికీ అభిమానులు రంగులు లెక్కపెట్టుకుని అలాంటిదే అల్లుకుంటున్నారు. చూశారా, అక్కడ అల్లినామె పేరు మిగిలింది. మన గీతోపదేశం ఫ్రేముల మీద ఎవరి పేరుంది?

ఇంకో మాట. ఇన్ని పనులు చేయించిన గుణం సీరియల్ గొప్పతనంలోనే లేదు, వారం ఆగడంలో ఉంది. ఆదివారం చూసింది మనసులో ఆరు రోజులు నానేది. తర్వాతేమవుతుందో అందరికీ తెలిసిన కథే అయినా, ఎలా చూపిస్తారో తెలియదు. ఆ ఖాళీని చేతులు నింపాయి. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి, తర్వాత రోజువారీ సీరియళ్లు వచ్చాయి. ఈ రోజుది మరిచిపోకముందే రేపటిది. కళ్లకు పని పెరిగింది, చేతులకు తగ్గింది. 2001 నవంబర్ నుంచి 2007 నవంబర్ దాకా 313 భాగాలు వచ్చిన 'అమృతం' వారానికోసారి వచ్చేది కాబట్టే, అమృతరావు, ఆంజనేయులు మాటలు వారమంతా ఇళ్లల్లో తిరిగేవని నా నమ్మకం.

2020 మార్చి 28న లాక్‌డౌన్‌లో రామాయణ్ మళ్లీ వేశారు. ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్లమంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. ఈసారి రోజుకు రెండుసార్లు. అయినా పిల్లలు విల్లులు చేశారు, అమ్మలు అట్టపెట్టెలు కోసి కిరీటాలు చేశారు. వారం ఎడం లేకపోయినా బడి లేదు, బయట తిరుగుడు లేదు. చేతులకు కావాల్సింది ఖాళీ సమయం. అది దొరికిన రోజున అవి మళ్లీ పనిలో పడ్డాయి. ఈ ముప్ఫై ఏళ్లలో మనం పని మరిచిపోలేదు, తీరిక పోగొట్టుకున్నాం.

ఊళ్లల్లో పాత ఇళ్లు పడగొట్టి డాబాలు కడుతున్నారు. అటకల మీదినుంచి దిగుతున్న సామానులో అద్దం పగిలిన ఫ్రేములు, రంగు వెలిసిన గుడ్డబొమ్మలు పాతసామాను బండి ఎక్కిపోతున్నాయి. మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఒక్క పని చేయండి. వెనక అట్ట మీద ఎవరు కుట్టారో, ఏ ఊళ్లో, ఏ ఏడాది కుట్టారో పెన్నుతో రాయండి. కుట్టినామె ఉంటే ఆమె చేతే రాయించండి. రాముడి కథను వెయ్యి మంది రాశారు. దాన్ని కుట్టినామె పేరు మనమే రాయాలి.