జోల్వా సీమలో నూనె మరక

సూరతు జిల్లాలోని పల్సానా తాలూకాలో, 1928 నాటి సత్యాగ్రహముచే వాసికెక్కిన బార్డోలికి పొరుగున, జోల్వా యను గ్రామమున్నది. చెరకు పండు ఆ సీమలో గార్డెన్ సిల్క్ మిల్స్ వారి కర్మాగారము వెలసి, పాలియెస్టరు గుళికలను తయారుచేసి, కరిగించి దారముగా దీయ నారంభించిన పిదప, ఊరిపేరు నూలు వ్యాపారముతో ముడివడిపోయినది. అట్టి దారమును సూరతు మరమగ్గములమీద నేయువారిలో కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి తరలిపోయిన మన పద్మశాలీలు వేలకొలది కలరు. వారి బిడ్డలకై అచ్చటి నగరపాలక సంఘము తెలుగు బడులను సైతము నడపినది. కావున ఆ బట్టపై పడిన నూనె మరకను దేనితో తీయవలెనను ప్రశ్న మనకు పరాయి ముచ్చట కానేరదు.

మరమగ్గము, సిరిసిల్లవారి మాటలో సాంచె, ఇనుముతో ఇనుము రాచుకొను యంత్రము. దానికి నూనె లేక గడవదు, నూనె చిందక మానదు. పూర్వము మన చాకలివారికి చవుటిమన్నును ఉబ్బయును చాలియుండెను. ఆనాటి జిడ్డు గానుగనూనె జిడ్డగుటచేత, క్షారముతో కలిసి సబ్బై నీటివెంట పోయెడిది. మగ్గమునకు పోయు ఖనిజతైలమో, ఎంత క్షారము తగిలినను సబ్బు కాదు. దానికి తోడు పాలియెస్టరు నీటిని దరిజేరనీయక నూనెను మాత్రము చుట్టమువలె హత్తుకొనును. మరకతోనే వేడికి గురియైనచో ఆ జిడ్డు పోగులో నాటుకొని, అద్దకమున రంగును సమముగా పట్టనీయదు. అట్టి తాను రెండవరకపు సరుకై ధర చెడును. ఆ నష్టము నేతగాని కూలిలో కోతగా తేలుటయు కద్దు. అట్టి జిడ్డును కరిగించు ద్రావణుల నెన్నుకొనుటలో జరిగిన తొందరపాటులో అధికభాగము ఈ భయమునుండి పుట్టినదే యని నా నమ్మకము.

19వ శతాబ్దమున ఐరోపాలో నీరు తగులనీయక బట్టలు శుభ్రపరచుటకు టర్పెంటైనును, పిమ్మట పెట్రోలు జాతి ద్రవములను వాడిరి. అవి మరకను తీసెను గాని నిప్పును పిలిచెను. నూలుధూళి గాలిలో తేలుచు, పక్కనే మోటారులు తిరుగుచుండు నేతశాలలో అట్టి ద్రవమెంత యపాయకరమో వేరుగ చెప్పనక్కరలేదు. రసాయనశాస్త్రజ్ఞులగు ఫారడే 1821లో తయారుచేసిన పెర్‌క్లోరో ఎథిలీను, రెన్యో 1839లో తయారుచేసిన కార్బన్ టెట్రాక్లోరైడు మండవు; ఆ గుణముచేతనే తరువాతి కాలమున పరిశ్రమలు వానివైపు మొగ్గినవి. వీనిలో కార్బన్ టెట్రాక్లోరైడు సుమారు 77 డిగ్రీలకే మరగు ద్రవమగుటచేత, పిచికారి చేసిన కొలది క్షణములలో ఎగిరిపోయి బట్టను పొడిగా విడుచును. 121 డిగ్రీలకు గాని మరగని పెర్‌క్లోరో ఎథిలీను బట్టపై ఆలసించును. మన దేశపు వస్త్రపరిశ్రమలో మరకలు తీయు పనికి కార్బన్ టెట్రాక్లోరైడే చిరకాలము నిలిచినది.

ఎగిరిపోయినదంతయు ముందుగా పిచికారీ పట్టినవాని ఊపిరిలోనికి పోయెడిది, అచ్చటినుండి కాలేయమునకును మూత్రపిండములకును చేటు దెచ్చెడిది. ఈ ద్రవమునే 1920ల ప్రాంతమున కొంకిపురుగులకు మందని జనులచేత మ్రింగించిరి! దీని దాయాదియగు టెట్రాక్లోరో ఈథేను సంగతి అంతకుముందే లోకమునకు తెలియును: మొదటి ప్రపంచయుద్ధపు రోజులలో ఇంగ్లండున విమానపు రెక్కల గుడ్డకు పూయు పూతలో దానిని వాడగా, ఆ శాలల పనివారిలో కొందరు కామెర్లతో ప్రాణములు విడిచిరి. పాలియెస్టరు గుళిక చిక్కదనము కొలుచుటకు ఫినాలుతో కలిపి ఆ ద్రవమునే ప్రయోగశాలలలో వాడు వాడుక కలదు. అచ్చట చిటికెడు గుళికలు, గాజుగొట్టము, గాలిని బయటికి లాగు పెట్టె యుండును. మరకలు తీయువానికి ముక్కుకు కట్టుకొను తువాలే గతి.

కార్బన్ టెట్రాక్లోరైడును ఆపినది వేరొక కారణము. పైకిపోయి ఓజోను పొరను తిను రసాయనములలో అదియు నొకటి. అట్టివానిని అరికట్టుటకు 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒడంబడిక కుదిరినది; కార్బన్ టెట్రాక్లోరైడు 1990 నాటి సవరణచే అందు చేర్చబడినది. భారతదేశము 1992లో ఆ ఒడంబడికలో చేరినది. 2010 ప్రారంభమునుండి ఇట్టి పనులకు దాని వాడుక నిషిద్ధమైనది. ఆకాశపు పొరకు దొరికిన రక్షణ ఆ పనివాని కాలేయమునకు అంతకు ఏబదియేండ్ల క్రితమే దొరకవలసియుండెనను బాధ నన్ను విడువదు. దాని స్థానమున పలుచోట్ల ప్రవేశించిన ట్రైక్లోరో ఎథిలీను సైతము మానవులకు క్యాన్సరు కలిగించునదే యని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 2012లో నిర్ణయించినది.

వాడి పారబోసినదానికిని ఒక చరిత్ర కలదు. 2022 జనవరి 6వ తేదీ వేకువన, సూరతు చెంతనే యున్న సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకరునుండి రహస్యముగా కాలువలోనికి వదలిన రసాయనమునుండి విషవాయువు పుట్టి, ప్రక్కనున్న అద్దకపు మిల్లు కార్మికులను కమ్మగా, ఆరుగురు మరణించిరి. అది మరకలు తీయు ద్రవము గాకపోవచ్చును. కాలువ దారి మాత్రము అన్నిటికి నొక్కటియే.

మంచి మార్గము నూనెయందే దొరికినది. నీటితో కలిసిపోవు పదార్థమును ముందుగానే చేర్చి తయారుచేసిన మగ్గపు నూనెలు వచ్చినవి. వాని మరక మామూలు సబ్బునీటి ఉతుకులోనే వదలును, ఆ నీటిని శుద్ధిచేయుట మాత్రము తప్పదు. దారము తీయునప్పుడు దానికి పూయు పూతనూనెయు ఈ పద్ధతిదే. మన నేతగాండ్రకు ఈ కిటుకు క్రొత్తది గాదు: చీరాలలోను పుట్టపాకలోను తేలియా రుమాళ్లు నేయువారు ఆముదపుకాయల పొట్టు కాల్చిన బూడిదనీటిలో నూనె కలిపి, దినములతరబడి నూలును అందు నానవేయుచు, ఎరుపురంగు గాఢముగా పట్టునట్లు చేసిరి.

సాంచె నూనె కొనువాడు గాజుగ్లాసులోని నీటిలో రెండు చుక్కలు వేసి కలిపి చూడవచ్చును. తేటగా విడిపోయి పైన తేలినచో అది పాతరకపు నూనె. నీరంతయు పాలవలె తెల్లబడినచో బట్టకు ద్రావణితో పని లేదు. పుట్టపాక బానలో బూడిదనీటికి నూనె కలిసినప్పుడును నీరట్లే తెల్లబడెడిది.